తెడ్డుకు సెలవిచ్చిన మనిషి – ఓలే ఎవిన్‌రూడ్



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ మహనీయుల జీవితాలు వస్తాయి. అంబేద్కర్ గారు, పూలే దంపతులు, జాషువా గారు, అబ్దుల్ కలాం గారు – వీరి గురించి రాయని సంచిక ఉండదు, ఉండకూడదు కూడా. అయితే ఈసారి సంచిక బాధ్యులు మమ్మల్ని ఒక జీవితకథ రాయమన్నప్పుడు, మన పేజీల్లో ఇంతవరకు ఎవరూ రాయని మనిషిని ఎంచుకున్నాం. ఆయన నాయకుడు కాదు, కవి కాదు, పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్త అంతకంటే కాదు. ఒక కార్ఖానా పనివాడు. పడవ వెనక తగిలించుకునే చిన్న మోటారును ప్రపంచానికి అలవాటు చేసినవాడు. పేరు ఓలే ఎవిన్‌రూడ్. 1877లో నార్వే దేశంలో పుట్టి 1934లో అమెరికాలో కన్నుమూశాడు.

జగ్గయ్యపేట, నందిగామ మెరక పిల్లలకు పడవ మోటారుతో పనేమిటని మీరు అడగవచ్చు. మనకు మిర్చి కల్లం తెలుసు, పత్తి తీత తెలుసు, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము తెలుసు. కానీ మన మెరకకు దక్షిణపు హద్దు కృష్ణమ్మే కదా. వేదాద్రి నరసింహస్వామి తిరునాళ్ళకు వెళ్ళినవాళ్ళు, ముక్త్యాల రేవులో నిలబడి అవతలి గుంటూరు ఒడ్డు వైపు చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మా తాత ఆ ఏటి మీదే పడవ నడిపి మా నాన్నను పెంచాడు. ఆయన అరచేతులు మాకు ఇప్పటికీ గుర్తు. తెడ్డు పట్టుకుని పట్టుకుని అవి చెప్పు అట్టలా గట్టిపడిపోయాయి. మేము చిన్నప్పుడు ఆ చేతుల్లో గోళీలు పెట్టి మూయమంటే పూర్తిగా మూసేవాడు కాదు. మూయలేకపోయేవాడని తర్వాత అర్థమైంది.

ఆ కుటుంబంలో డిగ్రీ పట్టా తీసుకున్న మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. కాబట్టి ఊళ్ళో ఎవరికి ఏ సందేహం వచ్చినా, అది మా సబ్జెక్టు అయినా కాకపోయినా, మమ్మల్నే అడుగుతారు. ఈ వ్యాసం అలాంటి ఒక ప్రశ్నతోనే మొదలైంది.

మిత్రుడు అడిగిన ప్రశ్న

హాస్టల్లో మా పక్క పెట్టె మా మిత్రుడిది. పేరు రాయడం లేదు, చదివితే అతనికే తెలుస్తుంది. హాస్టల్లో ఫ్యాను తిరగకపోయినా, బోరు మోటారు పట్టేసినా, వార్డెన్ గారి స్కూటర్ స్టార్ట్ కాకపోయినా అతన్నే పిలిచేవారు. లెక్కలు, ఇంగ్లీషు మాత్రం అతనికి కొరుకుడు పడలేదు. పదో తరగతి తప్పాడు. మళ్ళీ రాయమని అందరం చెప్పాం. రాయలేదు. మెకానిక్ షెడ్డులో చేరిపోయాడు.

పోయిన ఏడాది అతను ఫోన్ చేశాడు. వాళ్ళ బాబాయి ఏటిలో చేపలు పడతాడు, తెడ్డు వేసే ఓపిక తగ్గింది, పడవకు వాడిన మోటారు ఒకటి కొందామనుకుంటున్నారు. రెండు చూశారు. రెండూ టూ-స్ట్రోకువే. ఒకటి ఒంటి సిలిండరుది, తేలిక. రెండోది రెండు సిలిండర్లది, శక్తి ఎక్కువ, బరువూ ఎక్కువ. ఏది తీసుకోమంటావని అతని ప్రశ్న. మాకు తెలియదని చెప్పడానికి మొహమాటపడి, రెండు రోజుల గడువు అడిగి, యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళాం. అక్కడే ఓలే ఎవిన్‌రూడ్ మాకు ఎదురుపడ్డాడు. రెండు రోజుల పని కాస్తా నెల రోజులైంది.

వలస వచ్చిన పిల్లవాడు

ఓలే 1877 ఏప్రిల్ 19న నార్వేలో ఒక పల్లెలో పుట్టాడు. అతనికి అయిదేళ్ళ వయసులో కుటుంబం బతుకుతెరువు కోసం సముద్రం దాటి అమెరికా వచ్చింది. ఆ కాలంలో నార్వేలో భూమి తక్కువ, చేతులు ఎక్కువ. వేలాది కుటుంబాలు అలాగే వెళ్ళాయి. మన ప్రాంతం నుంచి పని కోసం మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు బస్సెక్కినవాళ్ళ లాంటివాళ్ళే అనుకోండి. కాకపోతే వాళ్ళది రాత్రి ప్రయాణం కాదు, వారాల తరబడి సముద్ర ప్రయాణం. ఆ ఓడలో కుర్రవాడు ఎప్పుడు కనబడకపోయినా ఇంజన్ గదిలో దొరికేవాడని చెబుతారు.

విస్కాన్సిన్ రాష్ట్రంలో కేంబ్రిడ్జ్ అనే చిన్న ఊరి దగ్గర, రిప్లీ అనే చెరువుకు సమీపంలో ఆ కుటుంబం సేద్యం మొదలుపెట్టింది. పిల్లలు ఎక్కువ, ఓలే పెద్దవాడు. పెద్దకొడుకు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడో తరగతితో బడి ఆగిపోయింది. పొలం పనిలో దిగాడు.

కానీ అతని మనసు నాగలి మీద లేదు. చుట్టుపక్కల ఏ పనిముట్టు విరిగినా బాగుచేసేవాడు. పదిహేను, పదహారేళ్ళ వయసులో సొంతంగా తెరచాప పడవ తయారు చేయాలని పూనుకున్నాడు. తండ్రికి అది నచ్చలేదు. బంధువుల్లో సముద్రం మీద బతికినవాళ్ళు ఉన్నారు, కొడుకు కూడా నీళ్ళ పాలవుతాడని ఆయన భయం. తయారవుతున్న పడవను తండ్రి పొయ్యిలో పెట్టాడని, కొడుకు పట్టు విడవకుండా రహస్యంగా మరొకటి కట్టాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. ఆ రెండో పడవను చూశాక తండ్రి మనసు మారింది. పిల్లవాణ్ణి పొలంలో కట్టేయడం తప్పని గ్రహించాడు.

పగలు పని, రాత్రి చదువు

పదహారేళ్ళకు ఓలే ఇల్లు వదిలి, నడిచివెళ్ళగలిగినంత దూరంలోనే ఉన్న మాడిసన్ పట్నం చేరాడు. వ్యవసాయ యంత్రాలు తయారు చేసే చోట పని దొరికింది. తర్వాత పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారాల్లో, చికాగో యంత్రశాలల్లో పనిచేశాడు. చివరకు మిల్వాకీ నగరంలో ఇ.పి. ఆలిస్ కంపెనీలో, పోత పోయడానికి ముందుగా చెక్కతో నమూనాలు చేసే పనిలో కుదిరాడు. ఈ పని పైకి వడ్రంగంలా కనిపిస్తుంది గానీ లోపలంతా లెక్కే. కరిగిన లోహం చల్లారితే ఎంత కుంచించుకుపోతుందో ముందే లెక్కకట్టి నమూనాను అంత పెద్దదిగా చేయాలి. వెంట్రుకవాసి తప్పితే వస్తువు పనికిరాదు.

మూడో తరగతి చదివినవాడికి ఈ లెక్కలు ఎక్కడివి? ఇక్కడ మనం కాస్త ఆగాలి. పగలు మెషీను మీద పనిచేసి, రాత్రి అద్దెగదిలో కూర్చుని గణితం, ఇంజనీరింగు పుస్తకాలు తనంతట తాను చదువుకున్నాడు. బడి అతన్ని వదిలేసింది గానీ అతను చదువును వదల్లేదు. ఈ మాట మళ్ళీ చివర్లో చెబుతాం, ఎందుకంటే మా మిత్రుడితో మాకు పేచీ వచ్చింది ఇక్కడే.

1900 నాటికి సొంతంగా ఇంజన్లు తయారు చేయాలని భాగస్వాములతో కలిసి కంపెనీ పెట్టాడు. అది నిలవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. చేతిలో పనితనం ఉంది గానీ ఉత్తరం రాయడం, బాకీ అడగడం, లెక్క చూడడం రావు. ఆ లోటు తీర్చిన మనిషి బెస్ కేరీ. ఓలే పని చేసే చోటికి దగ్గరలో ఉండే అమ్మాయి. వ్యాపార విద్య చదువుకుంటూ, ఓలేకు ఉత్తరాలు రాసిపెట్టేది. 1906లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. మరుసటి ఏడాది కొడుకు రాల్ఫ్ పుట్టాడు.

కరిగిపోయిన ఐస్‌క్రీం

1906 వేసవిలో ఒకనాడు ఓలే, బెస్, స్నేహితులు ఓకాచీ అనే సరస్సుకు షికారు వెళ్ళారు. ఎండ మండిపోతోంది. బెస్‌కు ఐస్‌క్రీం తినాలనిపించింది. అది దొరికే చోటు నీళ్ళ మీద రెండున్నర మైళ్ళ దూరం, అంటే సుమారు 4 కిలోమీటర్లు. ఓలే తెడ్లు వేసుకుంటూ వెళ్ళి తెచ్చాడు. తిరిగి వచ్చేసరికి ఐస్‌క్రీం కరిగి నీళ్ళయింది. చేతులు బొబ్బలెక్కాయి. ఆ రోజే అతనికి తోచింది – ఇంజను కారును నడుపుతోంది కదా, చేత్తో పట్టుకుపోయి ఏ పడవకైనా తగిలించుకునేంత చిన్న ఇంజను ఎందుకు ఉండకూడదని.

ఈ ఆలోచన వచ్చిన మొదటి మనిషి ఓలే కాదని నిజాయితీగా చెప్పుకోవాలి. 1881లోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ త్రూవే అనే ఆయన, పడవకు పెట్టి తీసేసే కరెంటు మోటారును పారిస్ నగరంలోని సెన్ నదిపై నడిపి చూపించాడు. అమెరికాలోనే కామెరాన్ వాటర్‌మన్ ఓలే కంటే ముందే పెట్రోలు మోటారు చేసి, పేటెంటు పొంది, అమ్మాడు కూడా. మరి పేరు ఓలేకు ఎందుకు వచ్చింది? కొత్తది కనిపెట్టినందుకు కాదు. మామూలు మనిషి కొనుక్కుని, మామూలు మనిషి నడిపి, మామూలు మనిషి బాగుచేసుకునేలా చేసినందుకు.

మొదటి నమూనా చూసి బెస్ నవ్వింది. కాఫీ గింజలు పొడిచేసే మరలాగా ఉందని ఆమెకు అనిపించింది. ఓలే పట్టించుకోలేదు. 1909లో మిల్వాకీలోని కిన్నికిన్నిక్ నదిలో నడిపి చూశాడు. ఒక స్నేహితుడు దాన్ని అరువు తీసుకువెళ్ళి, తిరిగివచ్చేటప్పుడు పది మోటార్లకు ఆర్డర్లు, డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు. అలా వ్యాపారం మొదలైంది. ధర 62 డాలర్లు. బరువు 62 పౌండ్లు, అంటే సుమారు 28 కిలోలు. శక్తి ఒకటిన్నర హార్స్ పవర్. 1911లో పేటెంటు వచ్చింది.

ప్రకటన రాసింది బెస్. తెడ్డు వేయడం మానండి, తెడ్లు అవతల పారేయండి, మా మోటారు కొనండి అనే భావంతో నాలుగు ముక్కలు రాసి పత్రికల్లో వేయించింది. ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. నార్వే, డెన్మార్క్ వైపు నుంచి కూడా బేరాలు వచ్చాయి. అయిదేళ్ళ వయసులో పొట్టచేత పట్టుకుని ఏ తీరం విడిచి వచ్చాడో, ఆ ప్రాంతపు చేపలవాళ్ళ పడవలకే అతని మోటార్లు వెళ్ళాయి. మా నెల రోజుల చదువులో మాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

టూ-స్ట్రోకు అంటే

ఇక్కడ చిన్న తమ్ముళ్ళ కోసం ఇంజను సంగతి కొంచెం చెప్పాలి. మన చిన్నప్పటి పాత స్కూటర్లు గుర్తున్నాయా? బంకులో పెట్రోలుతో పాటు టూ-టీ ఆయిలు కలిపి పోసేవారు, వెనక నీలం పొగ వచ్చేది. అవి టూ-స్ట్రోకు ఇంజన్లు. ఓలే మోటారు కూడా అదే జాతి.

మామూలు ఫోర్-స్ట్రోకు ఇంజనులో పిస్టను నాలుగు సార్లు కదిలితే, అంటే ఇరుసు రెండు చుట్లు తిరిగితే, ఒక్కసారి పేలుడు జరుగుతుంది. టూ-స్ట్రోకులో ప్రతి చుట్టుకూ ఒక పేలుడు. పిస్టను పైకి వెళ్ళేటప్పుడు పైనున్న పెట్రోలు ఆవిరిని నొక్కుతుంది, అదే సమయంలో కింది గదిలోకి కొత్త ఆవిరిని పీలుస్తుంది. పైన నిప్పురవ్వ పడగానే కిందికి వస్తూ, గోడకున్న కంతలు తెరిచి, పాత పొగను బయటికి వదిలి, కింది గదిలోని కొత్త ఆవిరిని పైకి తోస్తుంది. కవాటాలు లేవు, ఆయిలు తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే లోపలి భాగాలకు పట్టు కాకుండా కాపాడుతుంది. భాగాలు తక్కువ కాబట్టి బరువు తక్కువ, ఖర్చు తక్కువ, చెడితే విప్పడం తేలిక.

లోపం కూడా అందులోనే ఉంది. పాత పొగ బయటికి పోయేటప్పుడు కొత్త పెట్రోలు ఆవిరి కొంత దానితో పాటే కాలకుండా పోతుంది. ఆయిలు కూడా కాలి పొగవుతుంది. రోడ్డు మీద అయితే గాలిలో కలుస్తుంది, ఏటిలో అయితే నీటి మీద తెట్టు కడుతుంది. ఈ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

వదులుకుని మళ్ళీ మొదలుపెట్టడం

వ్యాపారం పెరిగింది, పని భారం పెరిగింది. కంపెనీలో సగభాగం పెట్టుబడి పెట్టిన క్రిస్ మేయర్ ఒకవైపు ఉన్నా, రోజువారీ ఆఫీసు నడిపేది బెస్. బిడ్డ ఒకపక్క, ఉత్తరాలు, లెక్కలు ఇంకోపక్క. ఆమె ఆరోగ్యం దెబ్బతింది. 1913–14 ప్రాంతంలో ఓలే ఒక నిర్ణయం తీసుకున్నాడు. తన వాటాను మేయర్‌కు అమ్మేశాడు. అయిదేళ్ళ పాటు పడవ మోటార్ల వ్యాపారంలోకి రానని ఒప్పందం రాశాడు. తన పేరు మీదున్న కంపెనీని, తన పేరుతో సహా, వదులుకుని భార్యాబిడ్డలతో బయటికి నడిచాడు.

పేరు కోసం, పదవి కోసం ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం పట్టించుకోని పెద్దమనుషుల కథలు మనం చాలా చదివాం. వాటిని త్యాగాలని కూడా అంటాం. ఓలే చేసింది దానికి తిరగేసిన పని. మాకు ఇదీ గొప్పగానే అనిపించింది.

అయిదేళ్ళు ఊళ్ళు తిరిగారు. చేతులు ఊరుకుంటాయా? లోపల ఇంకో మోటారు రూపం కడుతూనే ఉంది. పాత మోటారు ఎందుకు బరువు? ఇనుము, కంచు భాగాల వల్ల. ఎందుకు అంత వణుకు? ఒకే సిలిండరు వల్ల. ఈసారి వీలున్న చోటల్లా అల్యూమినియం వాడాడు. ఒకటి బదులు రెండు సిలిండర్లు, ఎదురెదురుగా పడుకోబెట్టాడు. రెండు పిస్టన్లూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి. కావడికి ఒకవైపే కుండ కడితే భుజం మీద నిలవదు, రెండువైపులా కడితే నిలుస్తుంది. అదే కిటుకు. ఒకదాని కుదుపును రెండోది కొట్టేస్తుంది.

మర్యాదగా ఆ మోటారును ముందు మేయర్ దగ్గరికే తీసుకెళ్ళాడు. మేయర్ వద్దన్నాడు. అప్పుడు ఓలే, బెస్ కలిసి ఎల్టో అనే కొత్త కంపెనీ పెట్టారు. ఎవిన్‌రూడ్ తేలిక జంట మోటారు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. తన సొంత పేరును నేరుగా వాడుకునే హక్కు లేనివాడు, దాన్ని ఒక్క అక్షరంలో దాచి పెట్టుకున్నాడు. 1921లో ఎల్టో బజారులోకి వచ్చింది.

మూడు మోటార్లు, మూడు తీర్పులు

అదే రోజుల్లో ఇండియానా రాష్ట్రం నుంచి జాన్సన్ సోదరులు మరో తేలిక మోటారు తెచ్చారు. మా మిత్రుడి ప్రశ్నకు జవాబు దొరికింది ఈ పోటీలోనే. కాబట్టి మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

1909 నాటి ఓలే మొదటి మోటారు: ఒక సిలిండరు, ఒకటిన్నర హార్స్ పవర్, 28 కిలోలు. ఒక్కో హార్స్ పవర్‌కు 18 కిలోలకు పైగా మోయాలి. వణుకు ఎక్కువ. కానీ దానికి ముందు చాలామందికి తెడ్డు తప్ప మరో దారి లేదు.

1921 నాటి ఎల్టో: రెండు సిలిండర్లు, 3 హార్స్ పవర్, సుమారు 21, 22 కిలోలు. అంటే శక్తి రెట్టింపు, బరువు తక్కువ. ఒక్కో హార్స్ పవర్‌కు 7 కిలోల చిల్లర. నిప్పురవ్వకు బ్యాటరీ వాడాడు కాబట్టి చక్రాన్ని కాస్త తిప్పితే చాలు, అందుకునేది. పొగను నీటి కిందికి వదలడంతో చప్పుడు తగ్గింది.

జాన్సన్ మోటారు: ఇదీ రెండు సిలిండర్లదే. 2 హార్స్ పవర్, సుమారు 16 కిలోలు. హార్స్ పవర్‌కు 8 కిలోలు. లెక్క ప్రకారం ఎల్టోయే కొంచెం మెరుగు. కానీ ఒక చేత్తో ఎత్తుకుపోవాలంటే 16 కిలోలు, 22 కిలోలు ఒకటి కాదు. పైగా దీనికి బ్యాటరీ అక్కర్లేదు, చక్రంలోని అయస్కాంతమే నిప్పురవ్వ ఇస్తుంది. నీటిలో రాయి తగిలితే వెనక్కు లేచేలా అమర్చారు.

మరి ఏది గెలిచింది? మూడూ గెలిచాయి, మూడూ ఓడాయి. శక్తి కావలసినవాడికి ఒకటి, మోయవలసినవాడికి ఒకటి, చవకగా కావలసినవాడికి ఒకటి. మంచి మోటారు ఏది అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఎవరి పడవకు, ఏ ఏటిలో, ఎవరి భుజం మీద అన్న ప్రశ్నకే జవాబు ఉంటుంది.

మా మిత్రుడికి ఇదే చెప్పాం. బాబాయి ఒక్కడే వెళతాడు, దగ్గరలోనే వల వేస్తాడు. రాత్రిపూట మోటారును రేవులో వదలలేడు, గట్టెక్కి ఇంటికి మోసుకురావాలి. వేసవిలో ఏటిలో రాళ్ళు తేలతాయి. కాబట్టి తేలికదే తీసుకోమన్నాం. ప్రొపెల్లరు రాయికి కొట్టుకుంటే ముందుగా విరిగిపోయి పళ్ళచక్రాలను కాపాడే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది, అలాంటివి నాలుగు అదనంగా దగ్గర పెట్టుకోమన్నాం. విడిభాగాలు దొరుకుతాయో లేదో కొనకముందే కనుక్కోమన్నాం. మోటారు వచ్చింది కదా అని తెడ్లు మాత్రం పారేయవద్దన్నాం, ఈ ఒక్క విషయంలో బెస్ గారి ప్రకటనతో మేము ఏకీభవించం. నడి ఏటిలో ఇంజను ఆగితే గట్టుకు చేర్చేది తెడ్డే. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయిన సంగతి మన జిల్లావాళ్ళం మరచిపోలేం. పడవకు వేగం కంటే ముందు కావలసింది ఒంటిమీద లైఫ్ జాకెట్.

చివరి రోజులు

1929లో ఎల్టో, పాత ఎవిన్‌రూడ్ కంపెనీ, లాక్‌వుడ్ అనే మరో కంపెనీ కలిసి ఒకటయ్యాయి. ఆ ఉమ్మడి సంస్థకు అధ్యక్షుడిగా ఓలేనే కూర్చోబెట్టారు. పదిహేనేళ్ళ క్రితం వదిలివెళ్ళిన తన పేరు మళ్ళీ తన ఇంటికి వచ్చింది. ఆ ఏడాదే అమెరికాలో ఆర్థిక మాంద్యం విరుచుకుపడింది. పనివాడికి కూలి లేదు, ఉన్నవాడు ఖర్చు పెట్టడు. షికారు పడవలకు మోటార్లు కొనేదెవరు? ఆ గడ్డుకాలంలోనూ సంస్థను నిలబెట్టాడు.

బెస్ 1928లో పని నుంచి విరమించుకుంది. 1933 మే నెలలో 48 ఏళ్ళకే చనిపోయింది. ఆ తర్వాత ఓలే ఎక్కువ కాలం బతకలేదు. 1934 జూలై 12న, 57 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. కొడుకు రాల్ఫ్ బాధ్యత తీసుకున్నాడు. 1936లో, ఒకనాడు పోటీదారైన జాన్సన్ కంపెనీ కూడా వీళ్ళతో కలిసిపోయింది.

ఆ తర్వాతి కథ క్లుప్తంగా. అమెరికా ప్రభుత్వం 1996లో పడవ ఇంజన్ల పొగపై కట్టుదిట్టమైన నిబంధనలు తెచ్చింది. నీళ్ళలో తెట్టు కట్టే పాత టూ-స్ట్రోకులకు కాలం చెల్లడం మొదలైంది. 2000 చివర్లో ఆ సంస్థ దివాలా తీసింది. తర్వాత దాన్ని కొన్న కెనడా సంస్థ పొగ తక్కువ వదిలే కొత్తరకం టూ-స్ట్రోకులు చేసినా, 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీని పూర్తిగా నిలిపివేసింది. పెట్టిన పేరు 111 ఏళ్ళు నడిచింది. ఇక ముందు ఏటి మీద బ్యాటరీ మోటార్లు వస్తాయేమో. అలా వస్తే 1881లో పారిస్ నదిలో నడిచిన మోటారు దగ్గరికి మనం మళ్ళీ వచ్చినట్టే.

మాకూ, మా మిత్రుడికీ పేచీ

ఈ కథంతా ఫోన్లో చెప్పినప్పుడు మా మిత్రుడు ఒక మాట పట్టుకున్నాడు. ఓలే మూడో తరగతి, తాను పదో తరగతి దాకా వెళ్ళాడు, కాబట్టి లెక్క ప్రకారం తానే ఏడు తరగతులు ఎక్కువని. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఫోన్ పెట్టేశాక మాకు నవ్వు రాలేదు. బడి మానేసి గొప్పవాళ్ళైన వాళ్ళ కథలు మనలాంటి పిల్లలకు చెప్పేటప్పుడు జాగ్రత్త కావాలనిపించింది. కలవారి పిల్లవాడు చదువు మానేస్తే అతని వెనక ఆస్తి ఉంటుంది. మన పిల్లవాడు మానేస్తే వెనక అప్పు ఉంటుంది.

అందుకని మళ్ళీ ఫోన్ చేశాం. ఓలే మూడో తరగతితో చదువు మానలేదని, మాన్పించారని, మాన్పించిన చదువును రాత్రిళ్ళు కూర్చుని తిరిగి సంపాదించుకున్నాడని చెప్పాం. అంత పనితనం ఉన్నా మొదటి కంపెనీ నిలవలేదని, చదువుకున్న బెస్ వచ్చాకే పని నిలబడిందని చెప్పాం. చెల్లెళ్ళు ఈ మాట ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. మోటారు మీద పేరు ఆయనది, దాని వెనక లెక్కల పుస్తకం ఆమెది. ఆమె ఆ పని చేస్తూ ఎంత అలసిపోయిందో కూడా గుర్తు పెట్టుకోవాలి.

మా మిత్రుడు అవునని గానీ కాదని గానీ అనలేదు. పని ఉందని పెట్టేశాడు. మాకు కోపం వచ్చిందేమోనని కూడా కాదు, నిజంగానే బేరం వచ్చి ఉంటుంది. పరీక్ష తప్పినవాడికి సలహా చెప్పడం ఎంత సులువో, వినడం ఎంత కష్టమో మాకు తెలుసు. డిగ్రీలో ఒక పేపరు మేమూ తప్పాం. ఆ సంగతి అతనికి అంతవరకు చెప్పలేదు. ఆ రాత్రి మెసేజి పెట్టి చెప్పాం.

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ముక్త్యాల రేవులో కలిశాం. తేలిక మోటారే కొన్నారు. ఒంటి చేత్తో భుజాన వేసుకుని గట్టు దిగాడు. తాడు లాగితే మూడోసారికి అందుకుంది. నీలం పొగ, టకటక చప్పుడు. బాబాయి చుక్కాని దగ్గర కూర్చున్నాడు, తెడ్లు పక్కనే పడవలో ఉన్నాయి. తిరిగివచ్చాక మా మిత్రుడు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించాడు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టిన రసీదు. లెక్కలు మాత్రం మేమే చెప్పాలన్నాడు.

మోటార్లలో ఏది మంచిదో తేల్చడానికి మాకు నెల పట్టింది. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్లో ఒక గంట బీజగణితం చెబుతున్నాం. అతను మాకు కార్బొరేటరు విప్పడం నేర్పిస్తున్నాడు. ఎవరు ఎవరికి ఎక్కువ నేర్పుతున్నారో ఇంకా తేలలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ పక్క పెట్టె ఖాళీ అయితే ఆ పెట్టె ఎవరిదో మరచిపోకండి. ఒక ఫోన్ చేయండి.